పద్నాలుగో రోజు లెక్క అందరికీ ఎందుకు సరిపోదు: నెలసరి తీరు, గర్భధారణ అవకాశాలు

క్లుప్తంగా: నెలసరి మొదలయ్యాక 14వ రోజున అండం విడుదలవుతుందని చాలామంది లెక్క వేసుకుంటారు. గర్భం నిలిచే అవకాశం అండం విడుదలైన రోజును బట్టి ఉంటుంది. నెలసరి తేదీ ఆ రోజును ఊహించడానికి పనికొచ్చే ఒక గుర్తు మాత్రమే. అండం విడుదలైన రోజు, దానికి ముందున్న 5 రోజులు కలిపి ప్రతి నెలా 6 రోజులే అవకాశం ఉంటుంది. నెలసరి క్రమంగా వస్తుంటే అండం విడుదలవుతోందని చాలావరకు నమ్మొచ్చు. అండవాహికలు, వీర్యం, వయసు గురించి మాత్రం ఆ క్రమం ఏమీ చెప్పదు.

తెలుగులో "నెల తప్పింది" అంటే గర్భం వచ్చిందనే అర్థం. నెలనెలా ఒకే లెక్కన బహిష్టు అయ్యేవాళ్లను చూసి పుట్టిన మాట అది. 45 రోజులకో, 2 నెలలకో నెలసరి వచ్చే అమ్మాయికి ఈ మాట ప్రతిసారీ ఒక ఆశ పుట్టించి, కొన్ని రోజులకే దాన్ని తుంచేస్తుంది. బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు జంటల్లో ఇప్పుడు ఈ లెక్క ఫోన్‌లోకి చేరింది. ఈ రోజు అవకాశం ఎక్కువ అని యాప్ చూపిస్తుంది. ఊరి నుంచి ఫోన్ చేసిన పెద్దవాళ్లు "ఏమైనా విశేషమా?" అని అడుగుతారు. ఆఫీసుకెళ్లే దారిలో ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) ప్యాకేజీల హోర్డింగులు కనిపిస్తాయి. ఈ మూడింటి మధ్య, అసలు శరీరంలో ఏం జరుగుతోందో వివరంగా చెప్పేవాళ్లు తక్కువ.

రక్తస్రావం కంటికి కనిపిస్తుంది, అండం విడుదల కనిపించదు

నెలసరి మొదలైన రోజును 1వ రోజుగా లెక్కిస్తారు. మళ్లీ నెలసరి వచ్చే ముందు రోజు వరకు ఒక చక్రం. ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటి భాగంలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ వచ్చి అండాశయంలోని కొన్ని ఫాలికిల్స్‌ను, అంటే అండాలుండే చిన్న సంచులను, పెంచుతుంది. వాటిలో సాధారణంగా ఒకటే ముందుకెళ్తుంది. అది ఎదిగేకొద్దీ ఈస్ట్రోజన్ పెరుగుతుంది. ఈస్ట్రోజన్ తగినంత పెరిగాక ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ తర్వాత 24 నుంచి 36 గంటల్లో అండం బయటికొస్తుంది.

అక్కడి నుంచి రెండో భాగం. అండం వెళ్లిపోయిన చోట మిగిలిన కణాలు ప్రొజెస్టిరాన్ తయారుచేస్తాయి. గర్భాశయం లోపలి పొరను నిలబెట్టేది ఇదే. గర్భం నిలవకపోతే సుమారు రెండు వారాల్లో ఆ కణాలు కుంచించుకుపోతాయి, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, పొర రాలి నెలసరి వస్తుంది.

ఈ రెండు భాగాల్లో నిడివి ఎక్కువగా మారేది మొదటిదే. రెండోది కొద్దిగా అటూఇటూ అయినా చాలామందిలో 12 నుంచి 14 రోజుల దగ్గరే ఉంటుంది. అందుకే జపాన్ వైద్యుడు క్యుసాకు ఒగినో 1924లోనే లెక్కను వెనక నుంచి కట్టమన్నాడు. రాబోయే నెలసరికి 12 నుంచి 16 రోజుల ముందు అండం విడుదలవుతుందని ఆయన గమనించాడు. నూరేళ్లు గడిచినా, మన దగ్గర చాలామందికి చేరిన సమాచారం మాత్రం "14వ రోజు" దగ్గరే ఆగిపోయింది.

14వ రోజు అనేది 28 రోజుల చక్రానికి పుట్టిన లెక్క. 35 రోజులకోసారి నెలసరి వచ్చే స్త్రీకి అండం 21వ రోజు దగ్గర విడుదలవుతుంది. 24 రోజులకు వచ్చేవాళ్లకి 10వ రోజుకే అయిపోవచ్చు. ఒక మొబైల్ యాప్‌లో నమోదైన 6 లక్షలకు పైగా చక్రాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా 28 రోజులున్నవి 13 శాతమే. సగటు చక్రం 29.3 రోజులు. అందులో అండం విడుదలకు ముందు భాగం సగటున 16.9 రోజులు, తర్వాతి భాగం 12.4 రోజులు. అంటే సగటు స్త్రీకి కూడా 14వ రోజు సరిపోదు.

"టెన్షన్ పడ్డాను, అందుకే పీరియడ్స్ లేటయ్యాయి" అని అంటుంటారు. ఇందులో కొంత నిజముంది. తీవ్రమైన ఒత్తిడి, జబ్బు, ఒక్కసారిగా బరువు తగ్గడం వంటివి మెదడు నుంచి వచ్చే సంకేతాలను ఆలస్యం చేస్తాయి. దాంతో అండం ఆలస్యంగా విడుదలవుతుంది, వెనకే నెలసరి కూడా ఆలస్యమవుతుంది. ఆ నెల 14వ రోజును నమ్ముకున్న జంట ప్రయత్నించింది అసలు రోజుకు చాలా ముందు.

ఆ ఆరు రోజులు

విడుదలైన అండం 12 నుంచి 24 గంటలే బతుకుతుంది. వీర్యకణాలు మాత్రం గర్భాశయ ముఖద్వారం దగ్గరి అనుకూలమైన స్రావంలో 5 రోజుల వరకు నిలవగలవు. అందుకే అవకాశం అండం రాకముందే మొదలవుతుంది, వచ్చాక త్వరగా ముగుస్తుంది. అమెరికాలో గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీల మూత్ర నమూనాలను రోజూ పరీక్షించిన అధ్యయనం 1995లో వచ్చింది. అండం విడుదలకు 5 రోజుల ముందు కలిస్తే గర్భం వచ్చే అవకాశం 10 శాతం దగ్గర ఉంది. 4, 3 రోజుల ముందు 15 శాతం చుట్టూ, చివరి రెండు రోజుల ముందు 30 శాతం దరిదాపుల్లో, విడుదలైన రోజున 33 శాతం దాకా ఉంది. ఆ మర్నాటి నుంచి గర్భాలు కనిపించలేదు.

అదే పరిశోధకులు 2000లో ఇంకో విషయం చూపించారు. ఈ 6 రోజులు మొత్తంగా 10 నుంచి 17వ రోజు మధ్యలోనే పడినవాళ్లు సుమారు 30 శాతం మంది. మిగతావాళ్లకి అంతకు ముందో, తర్వాతో పడ్డాయి.

అన్నీ సరిగ్గా ఉన్న యువ జంటకి కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం 20 నుంచి 25 శాతమే. ఏడాదిలో దాదాపు 85 శాతం జంటలకి గర్భం వస్తుంది. మూడు నెలలు గడిచేసరికే "ఇంకా ఏమీ లేదా" అని భయపెట్టడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

తేదీ పెట్టుకుని ఒక్క రోజే కలవడం కన్నా, వారానికి రెండు మూడుసార్లు, నెలంతా కలుస్తుండటం నయం. అప్పుడు ఆ 6 రోజుల్లో ఏదో ఒకటి దానంతట అదే కలిసొస్తుంది. కానీ బెంగళూరులో చాలా జంటలకి ఈ సలహా పాటించడమే కష్టం.

వారాంతపు కాపురం, 28 రోజుల చిక్కు

ఒకరు బెంగళూరులో, ఇంకొకరు హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో కర్నూలులోనో ఉద్యోగం. శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం ఉదయం దిగడం, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. ఇలా కాపురం చేసే తెలుగు జంటలు ఈ నగరంలో కొత్త కాదు. వీళ్ల విషయంలో నెలసరి క్రమంగా రావడమే ఒక వింత చిక్కు తెచ్చిపెడుతుంది.

28 రోజులంటే సరిగ్గా 4 వారాలు. చక్రం 28 రోజులైతే అండం ప్రతి నెలా వారంలో ఒకే రోజున విడుదలవుతుంది. నెలసరి శనివారం మొదలైందనుకుంటే 14వ రోజు శుక్రవారం. అవకాశమున్న 6 రోజులు ఆదివారం నుంచి శుక్రవారం వరకు. జంటకి దొరికేది ఆదివారం ఒక్కటే, అదీ అవకాశం అన్నిటికన్నా తక్కువగా ఉన్న రోజు. శనివారం ఉదయం బస్సు దిగేసరికి అండం కాలం దాదాపు చెల్లిపోయి ఉంటుంది. వచ్చే నెలా ఇదే, ఆపై నెలా ఇదే. అదే నెలసరి గురువారం మొదలైతే అండం బుధవారం విడుదలవుతుంది. అప్పుడు శని, ఆదివారాలు రెండూ ఆ 6 రోజుల్లోనే పడతాయి గానీ, అవకాశం ఎక్కువున్న సోమ, మంగళ, బుధవారాలు చేజారుతాయి.

చక్రం 30 రోజులైతే పరిస్థితి వేరు. అండం విడుదలయ్యే రోజు వారంలో ప్రతి నెలా రెండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక నెల శుక్రవారం, తర్వాత ఆదివారం, ఆ తర్వాత మంగళవారం. ఏదో ఒక నెల వారాంతానికి దగ్గరగా వస్తుంది. నిజానికి ఎవరి శరీరమూ గడియారంలా నడవదు కాబట్టి 28 రోజులవాళ్లకీ రోజు, రెండు రోజుల తేడా వస్తూనే ఉంటుంది. అయినా ఏడాది ప్రయత్నించినా రాలేదు అనే జంట ఆ ఏడాదిలో ఎన్ని నెలలు సరైన రోజుల్లో కలిసి ఉన్నారో లెక్క చూస్తే, 12 నెలలు 4 నెలలుగా తేలవచ్చు. దీనికి మందు అక్కర్లేదు. ఒక వారం వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగితే సరిపోయే సమస్య ఇది. ఆషాఢంలో పుట్టింటికి పంపే ఆచారం ఉన్న ఇళ్లలో ఇంకో నెల కూడా తీసేయాలి.

చక్రం పొట్టిదైతే, పొడవైతే, అసలు పట్టు దొరక్కపోతే

అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫిగో లెక్కలో 24 నుంచి 38 రోజుల మధ్య వచ్చే నెలసరి మామూలే. ఒక స్త్రీకి అతి చిన్న చక్రానికీ అతి పెద్ద చక్రానికీ మధ్య వారం రోజుల తేడా ఉన్నా దాన్ని క్రమంగా వస్తున్నట్టే చూస్తారు. ఒకసారి 27 రోజులకు, ఇంకోసారి 32 రోజులకు వస్తోందని కంగారుపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట ఇది.

22, 23 రోజులకే నెలసరి వస్తుంటే అండం 8, 9 రోజులకే విడుదల కావచ్చు. అంటే అవకాశమున్న రోజులు 3వ రోజు నుంచే మొదలవుతాయి. ముట్టు పాటించి 5, 7 రోజులు దూరంగా ఉండే ఇళ్లలో ఆ 6 రోజుల్లో సగమో, అంతకన్నా ఎక్కువో అక్కడే పోవచ్చు. వయసు పెరిగేకొద్దీ చక్రం కొంచెం కొంచెంగా పొట్టిదవడం సహజం. 37, 38 ఏళ్ల స్త్రీకి ఇదివరకు 29 రోజులకు వచ్చేది ఇప్పుడు 26కే వస్తుంటే, త్వరగా వస్తోంది కాబట్టి అవకాశాలు పెరిగాయని అనుకోకూడదు. మొదటి భాగం కుదించుకుపోవడం అండాల నిల్వ తగ్గుతోందనడానికి ఒక సూచన. డెన్మార్క్ స్త్రీలపై జరిగిన ఒక పెద్ద పరిశీలనలో 25 రోజులకన్నా చిన్న చక్రం ఉన్నవాళ్లలో గర్భం రావడం ఆలస్యమైంది. క్రమంగా వచ్చే కాస్త పొడవైన చక్రాల్లో అలా కనిపించలేదు.

పొడవైన చక్రాల్లో నష్టం ప్రధానంగా లెక్కలో ఉంది. 28 రోజులకోసారి అండం విడుదలైతే ఏడాదికి 13 అవకాశాలు. 36 రోజులకైతే 10. 60 రోజులకైతే 6. ప్రతి అవకాశానికీ 20 శాతం అనుకుని ఊహాలెక్క వేస్తే ఏడాదిలో గర్భం వచ్చే అవకాశం వరుసగా 95, 89, 74 శాతం. అందరి శరీరాలూ ఒకలా ఉండవు కాబట్టి వాస్తవంలో ఇవి ఇంకాస్త తక్కువ. అయినా 60 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లకి పిల్లలు పుట్టరనే మాట తప్పని ఈ లెక్కే చెబుతోంది, అండం నిజంగా విడుదలవుతున్నంతవరకు.

చిక్కంతా ఆ చివరి షరతులోనే ఉంది. అండం విడుదల కాకుండానే రక్తస్రావం జరగొచ్చు. ఫాలికిల్ సగం పెరిగి ఆగిపోతే ఈస్ట్రోజన్ వల్ల పొర మందమవుతూ పోయి, ఒక దశలో నిలవలేక రాలుతుంది. చూడటానికి అది నెలసరిలాగే ఉంటుంది. ఫిగో లెక్కలో 38 రోజుల దాకా మామూలే అయినా, గర్భం కోసం చూస్తున్నవాళ్లకి 35 రోజులకు మించి, లేదా 21 రోజులలోపు, లేదా ఏడాదికి 8 సార్లకన్నా తక్కువ వస్తుంటే ఇలా జరుగుతోందా అని చూడాలి.

ఇందుకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం పీసీఓఎస్, జనం నోట పీసీఓడీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానయోగ్య వయసు స్త్రీలలో 6 నుంచి 13 శాతం మందికి ఇది ఉంటుంది. స్కాన్ రిపోర్ట్ చూసి నీటిబుడగలు ఉన్నాయంటారు. ఆ మాట వినగానే గడ్డలేమోనని భయపడతారు. అవి గడ్డలు కావు, ఎదుగుతూ మధ్యలో ఆగిపోయిన చిన్న ఫాలికిల్స్. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం, పురుష హార్మోన్లు ఎక్కువవడం వల్ల ఏ ఒక్కటీ చివరిదాకా ఎదగదు. అండాలు లేకపోవడం ఇక్కడ సమస్య కాదు, అవి బయటికి రాకపోవడం సమస్య. అందుకే చికిత్సకు బాగా లొంగే కారణాల్లో ఇదొకటి. బరువు ఎక్కువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గించుకుంటే చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. లేకపోతే లెట్రోజోల్ మాత్రలు మొదటి వరుస మందు. ఇది రొమ్ము క్యాన్సర్‌కి వాడే మందని ఇంటర్నెట్‌లో చదివి బెదిరిపోయేవాళ్లున్నారు. సంతానలేమికి దీన్ని వాడకూడదని మన దేశంలో 2011లో నిషేధం పెట్టి, 2017లో ఎత్తేశారు కూడా. 2014లో అమెరికాలో వచ్చిన పరీక్ష ఫలితాల్లో పీసీఓఎస్ ఉన్నవాళ్లలో పాత మందు క్లోమిఫిన్‌తో 19.1 శాతం మందికి బిడ్డ పుడితే, లెట్రోజోల్‌తో 27.5 శాతం మందికి పుట్టింది.

థైరాయిడ్ తేడాలు, పాలు పుట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ పెరగడం కూడా నెలసరిని తప్పిస్తాయి. రెండూ రక్తపరీక్షతో తెలుస్తాయి, రెండిటికీ మాత్రలున్నాయి. ఇక షిఫ్టులు. మారుతూ ఉండే నైట్ షిఫ్టుల్లో పనిచేసే నర్సులలో నెలసరి క్రమం తప్పడం ఎక్కువని అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో కనిపించింది. రాత్రి డ్యూటీలు చేసే బెంగళూరు ఉద్యోగినులు ఈ సంగతి డాక్టర్‌కి చెప్పడం మంచిది.

మాత్రలతో వచ్చిన క్రమం, మాత్రలతో తప్పిన క్రమం

డాక్టర్ ఇచ్చిన మాత్రలతో పీరియడ్స్ రెగ్యులర్ అయ్యాయి కాబట్టి ఇక గర్భం వస్తుందని అనుకోవడం చాలా మామూలు. గర్భనిరోధక మాత్రలు 21 రోజులు వేసి ఆపితే వచ్చే రక్తస్రావం మందు ఆపినందువల్ల వచ్చేది. ఆ నెల అండం విడుదల కాలేదు, కాకూడదనే ఆ మాత్ర. ప్రొజెస్టిరాన్ మాత్రలతో తెప్పించిన నెలసరి కూడా పొరను రాల్చిందే గానీ అండాన్ని విడుదల చేయలేదు. పొర అతిగా మందం కాకుండా కాపాడటానికి ఇవి అవసరమే. క్యాలెండర్ మీద కనిపించే ఆ క్రమాన్ని మాత్రం గర్భధారణ లెక్కలోకి తీసుకోకూడదు.

రెండోది మన ఇళ్లకే ప్రత్యేకమైన విషయం. తిరుమల ప్రయాణానికో, వరలక్ష్మీ వ్రతానికో, తమ్ముడి పెళ్లికో డేట్ అడ్డొస్తుందని మెడికల్ షాపులో నార్‌ఎథిస్టెరాన్ మాత్రలు కొని వేసుకుంటారు. మామూలుగా డేట్‌కి మూడు రోజుల ముందు మొదలుపెడతారు. అప్పటికి అండం విడుదలై సుమారు పది రోజులు అయి ఉంటుంది. వాయిదా పడేది రక్తస్రావం మాత్రమే. యాప్ మాత్రం ఆ నెలని 40 రోజుల చక్రంగా రాసుకుని, సగటును పెంచి, వచ్చే నెల అవకాశమున్న రోజులను తప్పుగా చూపిస్తుంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్న నెలలో అయితే ఇంకో ప్రమాదముంది. గర్భం నిలిచిన తొలి రోజుల్లోనే తెలియకుండా ఈ మాత్రలు వేసుకునే అవకాశం ఉంది. అలాంటి నెలల్లో డాక్టర్‌ని అడగకుండా వీటి జోలికి వెళ్లకూడదు.

తేదీల్లో కనిపించనివి

ప్రతి నెలా 29 రోజులకు నెలసరి వస్తూ, రెండేళ్లైనా గర్భం రాని స్త్రీలు ఎందరో ఉన్నారు. అండం విడుదలవుతూనే ఉంది. అండవాహికలు మూసుకుపోయి ఉండొచ్చు. మన దేశంలో జననాంగాలకు సోకే క్షయ ఇందుకు ఒక ముఖ్య కారణం, చాలాసార్లు దగ్గు, జ్వరం వంటి లక్షణాలేవీ లేకుండానే. నెలసరిలో భరించలేని నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది గర్భాశయం బయట పెరగడం) కావచ్చు. నొప్పి సహజమేనని సర్ది చెప్పి పంపడం వల్ల దీన్ని గుర్తించేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా వాయిదా పడే పరీక్ష భర్తది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు కారణం పూర్తిగానో కొంతగానో ఉంటుంది. వీర్య పరీక్ష నొప్పి లేనిది, మిగతా పరీక్షలతో పోలిస్తే చవకైనది, ఒక్క రోజులో అయిపోతుంది. అయినా భార్యకి ఆరు నెలలు అండం ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్లు, అండవాహికలను చూసే ట్యూబ్ టెస్ట్ అయ్యాకే భర్త ల్యాబ్‌కి వెళ్లే ఇళ్లు చాలా ఉన్నాయి. నెలసరి కనిపించేది కాబట్టి నింద కూడా అటే పోతుంది. ఈ వరుస మారాలి. రెండు పరీక్షలూ ఒకే వారంలో మొదలవ్వాలి.

అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్షను ఇప్పుడు హెల్త్ ప్యాకేజీల్లో కలిపి అమ్ముతున్నారు. అది తక్కువుందంటే గర్భం రాదని కాదు. సంతానలేమి చరిత్ర లేని, 30 నుంచి 44 ఏళ్ల మధ్య 750 మంది స్త్రీలపై 2017లో ప్రచురితమైన అధ్యయనంలో ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లకీ మిగతావాళ్లలాగే సహజంగా గర్భం వచ్చింది. ఐవీఎఫ్‌లో మందుకు ఎన్ని అండాలు వస్తాయో అంచనా వేయడానికి ఈ పరీక్ష పనికొస్తుంది. అండం నాణ్యతను మార్చేది వయసు, ముఖ్యంగా 35 దాటాక.

అండం విడుదలైందో లేదో ఎలా తెలుస్తుంది

ఖర్చులేని గుర్తు యోని నుంచి వచ్చే స్రావమే. అండం విడుదల దగ్గరపడేకొద్దీ అది గుడ్డులోని తెల్లసొనలా పలచగా, సాగేలా మారుతుంది. పొద్దున్నే లేవగానే చూసే ఒంటి వేడి అండం విడుదలయ్యాకే కొద్దిగా పెరుగుతుంది కాబట్టి ఆ నెలకి ఉపయోగం లేదు, రాబోయే నెలల తీరు తెలుసుకోవడానికి పనికొస్తుంది. మెడికల్ షాపులో దొరికే ఓవ్యులేషన్ కిట్ ఎల్‌హెచ్ పెరగడాన్ని చూపిస్తుంది. పీసీఓఎస్ ఉన్న కొందరిలో ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. వాళ్లకి కిట్ రోజూ రెండు గీతలు చూపించి మోసం చేయొచ్చు.

21వ రోజు ప్రొజెస్టిరాన్ పరీక్ష కూడా 28 రోజుల లెక్కకు కట్టినదే. అండం విడుదలై ఏడు రోజులయ్యాక చూడాల్సిన పరీక్ష అది. 35 రోజుల చక్రం ఉన్నవాళ్లకి 28వ రోజున చేయాలి. 21వ రోజునే చేస్తే అండం ఆ రోజే విడుదలవుతుంటుంది, ప్రొజెస్టిరాన్ తక్కువగా కనిపిస్తుంది. అండం రావట్లేదని రిపోర్ట్ మీద తేల్చేస్తే అక్కర్లేని మందులు మొదలవుతాయి.

ఎప్పటిదాకా ఆగాలి

35 ఏళ్లలోపు స్త్రీ, నెలసరి క్రమంగా వస్తోంది, జంట కలిసే ఉంటోంది అనుకుంటే ఏడాది ఆగొచ్చు. 35 దాటితే 6 నెలలు. 40 దాటితే ఆగకుండా వెళ్లాలి. నెలసరి 35 రోజులకు మించి వస్తున్నా, 3 నెలలుగా రాకపోయినా, నెలసరిలో విపరీతమైన నొప్పి ఉన్నా ఏ వయసులోనైనా ఈ గడువులు వర్తించవు. అలాంటప్పుడు ఏడాది ఆగమని చెప్పడం ఆ ఏడాదిని వృథా చేయడమే.

దక్షిణాదిలో జననాలు తగ్గుతున్నాయన్న వార్తలు, ఎక్కువమందిని కనమన్న నాయకుల మాటలు ఈ తొందరను పెంచుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీకి సగటు పిల్లల సంఖ్య కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో 1.7, తెలంగాణ, తమిళనాడులలో 1.8. ఇందులో పెద్ద భాగం చదువు, ఆలస్యంగా పెళ్లి, చిన్న కుటుంబం కావాలన్న నిర్ణయం. ఆ అంకెను చూసి తమ శరీరంలో ఏదో లోపముందని ఏ జంటా అనుకోనక్కర్లేదు.

మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు యాప్ చూపించే సగటు కన్నా, గత 6 నెలలు నెలసరి మొదలైన తేదీలు కాగితం మీద రాసుకెళ్తే ఎక్కువ ఉపయోగం. వాటి పక్కనే వాయిదా మాత్రలు ఎప్పుడు వేసుకున్నారో, నైట్ షిఫ్టులు ఏ వారాలో, ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్న రోజులు ఏవో కూడా రాయాలి. భర్త వీర్య పరీక్షకు 2 నుంచి 7 రోజుల దూరం పాటించి, ఆ రిపోర్ట్ కూడా అదే ఫైల్‌లో పెట్టుకుని వెళ్లాలి.